పీపీ నంబరు

...కాబట్టి మనిషి ఆత్మ గుండెలో ఉండదు, మెదడులోనూ ఉండదు, పది అంకెల్లో ఉంటుంది. ఆ పది అంకెలూ పరాయివాడి చేతిలో పడ్డ రోజున ఇక మనిషంటూ మిగలడు, అతని చొక్కా మాత్రమే మిగులుతుంది, అని విశ్వేశ్వర్ అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ తీర్మానించాడు. ఆదివారం ఉపన్యాసానికి ఈ వాక్యం బాగా పనికొస్తుంది. చొక్కా దగ్గర కాస్త ఆగాలి. జనం ఆలోచనలో పడతారు. పడ్డాక గొంతు తగ్గించి...

“విశ్వేశ్వర్ భాయ్, ఓ భాయ్. నెత్తికి ఏసే రంగుది వచ్చింది. నాలుగు, సున్నా, ఏడు, ఏడు.”

గల్లీ మొదట్లో ఉన్న దర్జీ దుకాణం గడప మీద నిలబడి సురయ్యా వేసిన కేక అది. విశ్వేశ్వర్ నురగ ముఖంతోనే బాల్కనీలోకి వచ్చి, అందిందన్నట్టు చెయ్యి ఊపి, లోపలికెళ్లి ఆ నాలుగంకెలూ ఫోన్లో కొట్టాడు. రంగు కంపెనీ వాళ్లు ధన్యవాదాలు చెప్పారు. ఎక్కడో ఏ ఊళ్లోనో ఉన్న ఆ కంపెనీకి ఆయన నంబరు తెలియలేదు. సంతోష్‌నగర్‌లోని ఆ గల్లీ జనానికి మాత్రం ఆయన జుట్టుకు రంగు వేస్తాడని, ఈ నెల సీసా అప్పుడే అయిపోయిందని తెలిసింది. ఈ ఏర్పాటునే ఆయన గోప్యత అనేవాడు.

విశ్వేశ్వర్ ప్రభుత్వ గిడ్డంగుల సంస్థలో సూపరింటెండెంటు. యాభై దాటి చాలా రోజులైంది. పిల్లలు లేరు. భార్య కౌసల్య పోయి నాలుగేళ్లు. ఆమె పోయిన ఏడాదే ఆఫీసులో సమాచార భద్రత మీద ఒక రోజు శిక్షణ పెట్టారు. మిగతా ఉద్యోగులందరూ ఆ శిక్షణ నుంచి బిర్యానీ పొట్లంతో తిరిగొచ్చారు. విశ్వేశ్వర్ సిద్ధాంతంతో తిరిగొచ్చాడు.

అప్పటినుంచి ఆయన తన నంబరు ఎవరికీ ఇవ్వలేదు. సరుకుల దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయి అలవాటుగా “నంబర్ సార్” అంటే, “అది నా అంతరంగం” అనేవాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు నిట్టూర్చేవారు. ఆఫీసు వాట్సాప్ గుంపులోంచి బయటికి వచ్చేశాడు. పాత సిమ్ము తీసేసి కొత్తది వేశాడేమోనని చుట్టాలు అనుకున్నారు, అడిగినవాళ్లకు అవునని గాని కాదని గాని చెప్పలేదు. కొన్నాళ్లకు వాళ్లు అడగడం కూడా మానేశారు. ఫోను మోగడం ఆగిపోయింది. దాన్ని ఆయన విజయంగా జమకట్టుకున్నాడు. ఎవరైనా ఫోను మోగితే జేబు తడుముకుంటుంటే జాలిగా చూసేవాడు.

కాని యాపులు సిద్ధాంతాలకు లొంగవు. మోకాళ్ల నూనె కావాలన్నా, పాల పొట్లం కావాలన్నా ముందు నంబరు అడుగుతాయి. ఇచ్చిన నంబరుకి నాలుగంకెలు పంపిస్తాయి. అవి మళ్లీ కొడితే గాని లోపలికి రానివ్వవు. మొదటిసారి ఒక యాప్ అలా గుమ్మంలో నిలబెట్టి నంబరు అడిగినప్పుడు విశ్వేశ్వర్ వేలు గాలిలో ఆగిపోయింది. ఆ తర్వాత, మనసుతో సంప్రదించకుండానే, మహబూబ్ దుకాణం నంబరు కొట్టేసింది.

వేలిది తప్పు కాదు. అది వంశపారంపర్యంగా వచ్చింది. విశ్వేశ్వర్ తండ్రి రాజన్న కాలంలో గల్లీ మొత్తానికి ఒకటే ఫోను, అది మహబూబ్ తండ్రి దర్జీ దుకాణంలో ఉండేది. నల్లటి ఫోను, పైన అల్లిక గుడ్డ. పెళ్లి పత్రికల్లో, ఉద్యోగపు దరఖాస్తుల్లో అందరూ ఆ నంబరే రాసి పక్కన ‘పీపీ’ అని పెట్టేవారు. ఆ రెండక్షరాలకీ అసలు విస్తరణ ఏమిటో ఎవరూ పట్టించుకోలేదు. ఫోను మాది కాదు, చేస్తే పిలుస్తారు, అని భావం. ఫోను వస్తే మహబూబ్ తండ్రి గడప మీదికొచ్చి కేకేసేవాడు. పిలుపు వచ్చినవాళ్లు ఎంగిలి చేత్తో పరుగెత్తుకొచ్చేవారు. దుకాణంలో ఉన్నవాళ్లందరూ చెవులు అటు పెట్టి చూపులు ఇటు తిప్పుకునేవారు. రాజన్నకి ఉద్యోగం వచ్చిన సంగతి రాజన్న కంటే ముందు మూడిళ్లకు తెలిసిందని చెప్పుకునేవారు. నల్ల ఫోను పోయి సెల్లు వచ్చాక దాని నంబరు దుకాణం బోర్డు మీదికెక్కింది, రోజూ చూసి చూసి విశ్వేశ్వర్‌కి కంఠతా అయింది.

నంబరు ఇచ్చేశాక విశ్వేశ్వర్ దుకాణానికి వెళ్లి సంగతి చెప్పాడు. మహబూబ్ మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో, చంద్రుడిలా నవ్వాడు. “దాంట్ల ఏమున్నది విశ్వన్నా. మీ బాపు కాలం సంది నడుస్తున్నదే గదా. రాస్కో.” చీరలకు ఫాల్ కుట్టే మెషిన్ మీద కూర్చున్న అతని భార్య సురయ్యా మాత్రం తలెత్తి ఒక్కసారి చూసి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ఆ చూపు విశ్వేశ్వర్‌కి అర్థం కాలేదు. అర్థం కానివాటిని ఆయన మెచ్చుకోళ్లుగా తీసుకునేవాడు.

తర్వాత యాపులు పెరిగాయి. నూనె, రంగు, గ్యాసు మాత్రలు, జాతకం, నిద్ర పట్టడానికి వాన చప్పుడు వినిపించేదొకటి. అవసరమైనవి అయిపోయాక అవసరం లేనివి మొదలయ్యాయి. ఈత నేర్పేది. పశువుల దాణా అమ్మేది. గర్భిణులు ఏం తినాలో చెప్పేది. ప్రతిసారీ గల్లీ మొదట్నుంచి సురయ్యా గొంతు వచ్చేది, ‘విశ్వేశ్వర్ భాయ్’ అని. బాల్కనీలోకి వెళ్లి చెయ్యి ఊపి వచ్చాక ఆ పూట అన్నం రుచిగా ఉండేది. ఎందుకుంటోందో ఆయన ఆలోచించలేదు. ఆత్మ అంకెల్లో ఉంటుందని తేల్చినవాడికి అన్నం సంగతి ఆలోచించే తీరిక ఎక్కడ.

అప్పులిస్తామనేవాళ్లు, భూములు అమ్ముతామనేవాళ్లు, బీమా చేయిస్తామనేవాళ్లు మాత్రం ఇప్పుడు మహబూబ్‌కి ఫోన్లు చేయసాగారు. ఎదుటివాళ్లు మాట్లాడుతుండగా ఫోను పెట్టేయడం మహబూబ్‌కి చేతకాదు. నాగపూర్ నుంచి అప్పులిచ్చే కంపెనీ అమ్మాయి ఒకతె రోజూ చేసేది. మహబూబ్ అప్పు తీసుకోలేదు. ఆ అమ్మాయి పెళ్లికి జాకెట్ల కొలతలు మాత్రం ఫోన్లోనే తీసుకున్నాడు.

ఆదివారం వచ్చింది. కాలనీ సంఘం రేకుల షెడ్డులో మైకు పెట్టారు. వెనక గుడ్డ మీద ‘మీ నంబరే మీ ప్రాణం’ అని రాయించారు. విశ్వేశ్వర్ ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఆత్మ గురించి చెప్పాడు. చొక్కా దగ్గర ఆగాడు. జనం నిజంగానే ఆలోచనలో పడ్డారు. ఆ ఊపులో, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే చచ్చినా ఎత్తబోమని అందరి చేతా చేతులెత్తించి ప్రమాణం చేయించాడు. మైకు చప్పుడు దుకాణం దాకా పోయింది. మెషిన్ మీద ఉన్న సురయ్యా కూడా కాలు ఆపి చెయ్యి ఎత్తిందట.

ముందు వరసలో కూర్చున్న ఎల్లప్ప లేచాడు. లేతు మెషిన్ మీద పనిచేసి రిటైరైన పెద్దాయన. ఏదైనా సగం అర్థమైతే ఊరుకునే రకం కాదు.

“సారూ, అంత బానే ఉన్నది. మరి యాపోడు అడిగినప్పుడు ఏం జెయ్యాలె?”

“ప్రత్యామ్నాయ సంఖ్యను సమర్పించాలి,” అన్నాడు విశ్వేశ్వర్.

“అంటే?”

“అంటే, వేరే నంబరు.”

“ఎవల్ది?”

ఈ ప్రశ్నకు శిక్షణలో జవాబు చెప్పలేదు. విశ్వేశ్వర్ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. పొద్దున అడిగిన అంకెలు సిగ్నలు సరిగా లేక ఎక్కడో తిరిగి తిరిగి సరిగ్గా అప్పుడే దిగాయి. షెడ్డు బయట సురయ్యా గొంతు వినిపించింది. “విశ్వేశ్వర్ భాయ్, బర్రెల దాణాది. తొమ్మిది, రెండు, రెండు, ఆరు.” వేదిక మీద విశ్వేశ్వర్ చెయ్యి దానంతటదే పైకి లేచి ఊగింది.

ఎల్లప్ప ముఖం వెలిగింది. “సమజైంది సారూ,” అని కూర్చున్నాడు. అందరికీ సమజైంది. చప్పట్లు కొట్టారు.

వారం తిరగకుండా గల్లీ మొత్తం ప్రాణాలు కాపాడుకుంది. పాలు, గుడ్లు, కరెంటు బిల్లు, సినిమా టికెట్లు, అన్నిటికీ మహబూబ్ నంబరే. సురయ్యాకి ఫాల్ కుట్టే వేళ లేకుండా పోయింది. గడప మీద నిలబడి, “పాలది ఎవరిది? కరెంటుది ఎవరిది?” అంటూ ఉంటే బాల్కనీల నుంచి, మేడల నుంచి “నాది భాభీ, నాది భాభీ” అని జవాబులొచ్చేవి. ఎల్లప్ప కోడిగుడ్లు విశ్వేశ్వర్ ఇంటికి వచ్చాయి. విశ్వేశ్వర్ మోకాళ్ల నూనె ఎల్లప్ప ఇంట్లో పప్పు తాలింపులోకి పోయింది. ఆ పప్పు బాగుందని కూడా అన్నారు. ఈ హడావిడిలో మహబూబ్‌కి అసలు ఖాతాదారుల ఫోన్లు అందడం మానేశాయి. గుడిమల్కాపూర్‌లో పూల వ్యాపారం చేసే ఒక ఇంటివాళ్లు పెళ్లి బట్టలు కుట్టించడానికి రెండ్రోజులు ప్రయత్నించి, లైను దొరక్క వేరే దర్జీని చూసుకున్నారు. మహబూబ్ కత్తెర పదును పెట్టుకుంటూ కూర్చున్నాడు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం విశ్వేశ్వర్ వాన యాప్ పెట్టుకుని పడక్కుర్చీలో కూర్చున్నాడు. బయట ఎండ. లోపల వాన. ఆ వానకి ఒక పద్ధతుంది. కాసేపు కురిసి ఒక ఉరుము ఉరుముతుంది. మళ్లీ అదే వాన, అదే ఉరుము. ఎప్పుడొస్తుందో ఆయనకి బాగా తెలిసిపోయింది. “ఇప్పుడు ఉరుముతుంది చూడు,” అన్నాడు ఎదుటి కుర్చీతో. ఉరిమింది. ఎదుటి కుర్చీలో ఎవరూ లేరని అప్పుడు గమనించాడు.

ఫోన్లో సరిగ్గా ఆ క్షణానే ఒక ప్రకటన మెరిసింది. ‘మలిపొద్దు: యాభై దాటినవారికి ఒక తోడు’. విశ్వేశ్వర్‌కి ముందు కోపం వచ్చింది. నంబరు ఇవ్వకుండానే ఇంత లోపలి సంగతి వీళ్లకెలా తెలిసింది? కోపంలోనే అది నొక్కాడు. కోపంలోనే పేరు ‘విశ్వ’ అని ఇచ్చాడు. అభిరుచులు అన్న చోట మౌనం అని, ఎదుటివారిలో కోరుకునేది అన్న చోట మాట అని రాశాడు. నంబరు అడిగింది. వేలు తన పని తను చేసేసింది. ఆ తర్వాత మనసు మేలుకుంది. అప్పటికే అంకెలు బయల్దేరాయి.

“మలిపొద్దు ఎవరిది?” అంది గల్లీ మొదట్లో సురయ్యా.

విశ్వేశ్వర్ కర్టెన్ వెనక నిలబడిపోయాడు.

“అరే, మలిపొద్దు ఎవరిది భాయ్? ఒక తోడు అని ఉన్నది. ఏం తోడు ఇది, పాలల్ల ఏసే తోడా?”

బాల్కనీలు మూగబోయాయి. ఆ పేరు ఏమిటో తెలియనివాళ్లు తెలిసినవాళ్లను అడిగారు. తెలిసినవాళ్లు తమకెలా తెలుసో చెప్పలేక నీళ్లు నమిలారు. యాభై దాటిన ప్రతి మగవాడినీ ఇంట్లోవాళ్లు ఎగాదిగా చూశారు. ఎల్లప్ప భార్య ఎల్లప్పను చూసి, “అందుకేనా నిన్న మీసాలకు నూనె పెట్టినవ్?” అంది. ఎల్లప్ప కొడుకుల మీద, మనవల మీద, లేతు మెషిన్ మీద ఒట్టేశాడు. అది మోకాళ్ల నూనె అని, సార్ ఇంటి నుంచి పొరపాటున వచ్చిందని ఎంత చెప్పినా లాభం లేకపోయింది.

ఇంతలో అంకెల గడువు తీరిపోయింది. ‘మళ్లీ పంపమంటారా?’ అని ఫోను అడిగింది. మానేయొచ్చు. ఎవరికీ తెలియదు. ఎల్లప్ప ఎలాగూ అలవాటు పడతాడు. విశ్వేశ్వర్ కుర్చీ వైపు చూశాడు. ఉరుము వచ్చే వేళయింది. పంపమని నొక్కి, బీరువాలోంచి ఒక ప్యాంటు లాగి, చంకన పెట్టుకుని మెట్లు దిగాడు.

దుకాణంలో నలుగురాడవాళ్లు చీరలతో కూర్చుని ఉన్నారు. మాట్లాడుకుంటున్నదల్లా ఆపేశారు. మహబూబ్ బజారుకి పోయాడు. ఫోను సురయ్యా మెషిన్ పక్కన ఉంది, ఆమె దాన్ని అప్పుడే చూసి పక్కన పెట్టినట్టుంది. ప్యాంటు వదులైందని, కాస్త కుదించాలని విశ్వేశ్వర్ నసిగాడు. సురయ్యా ఆయన ముఖం కాసేపు చూసింది. టేపు తీసి ఆయన నడుముకు చుట్టీ చుట్టనట్టు పట్టుకుంది. పెదాల మధ్య గుండుసూదులు.

“నడుము ముప్పై ఎనిమిది,” అంది. “పొడుగు నలభై ఒకటి. యాదుంచుకో భాయ్, నేను రాస్కుంటలేను.”

ఆయన నడుము ఏనాడో నలభై రెండుకి చేరింది. విశ్వేశ్వర్ ఒక్క క్షణం నిలబడి, తర్వాత ప్యాంటు అక్కడే వదిలేసి వేగంగా నడిచాడు. మెట్ల మీదే కొట్టాడు. మూడు, ఎనిమిది, నాలుగు, ఒకటి. మలిపొద్దు తలుపు తెరుచుకుంది.

సురయ్యా ఆ సంగతి గల్లీలో ఎవరికీ చెప్పలేదు. ఎల్లప్ప పాపం చాలా రోజులు అనుమానం మోశాడు.

కొన్నాళ్లకు మహబూబ్ ఫోనుకి మలక్‌పేట నుంచి ఒక ఫోను వచ్చింది. మహబూబ్ ఎత్తి, ఆడ గొంతు విని సురయ్యాకిచ్చాడు. అవతలి మనిషి మలిపొద్దులో నంబరు చూశానని, విశ్వ గారితో మాట్లాడాలని అంది. సురయ్యా నిజమే చెప్పింది. “ఆయన లేడమ్మా. నేను ఆయన పీపీని.”

అవతల నవ్వు. “నేను కూడా ఆమె పీపీనే అక్కా. నా పేరు బేబీ. బ్యూటీ పార్లర్ నడుపుత. మా పక్కింటి వీణక్క నంబర్ ఎవలకు ఇయ్యది. నాది ఇచ్చింది.”

ఇద్దరు పీపీలూ అక్కాచెల్లెళ్లైపోయారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజూ మాట్లాడుకునేవారు. అసలు మనుషులిద్దరూ ఒకరి గొంతు ఒకరు వినలేదు. కాని వీణ బస్ పాసుల కౌంటరులో ఉద్యోగం చేస్తుందని, భర్త పోయి చాలా కాలమైందని, ఉప్పు తక్కువ తింటుందని సురయ్యాకి తెలిసింది. విశ్వేశ్వర్ గురించి బేబీకి తెలియనిదంటూ ఏమీ మిగల్లేదు. నాలుగేళ్ల యాపుల చరిత్ర సురయ్యా దగ్గర ఉంది. సురయ్యా నమ్మకమైన మనిషి, దాచుకుని చెప్పడం ఆమెకు అన్యాయంగా తోచింది.

ప్యాంటు తీసుకోవడానికి వచ్చిన రోజున ఆమె అన్నీ ఖరారు చేసి చెప్పింది. శనివారం సాయంత్రం, మలక్‌పేటలో రైలు వంతెన దగ్గర ఇరానీ హోటల్. నీలం అంగీ వేసుకోవాలి. జుట్టుకు ఈ నెల రంగు ఆపాలి, ఆమెకు నచ్చదట. విశ్వేశ్వర్ తలూపుతూ విన్నాడు. కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక, నువ్వు లేకపోతే నా గోప్యత ఏమయ్యేదో అన్నాడు.

సురయ్యా నోట్లోంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది.

“నీ నంబర్ నీ ప్రాణం అన్నవ్ భాయ్. మైకుల విన్న. మరి మా నంబర్ ఎవరి ప్రాణం?”

మొదటి రోజు చూసిన చూపే అది. ఈసారి మెచ్చుకోలుగా తీసుకోవడానికి వీల్లేకపోయింది. లోపల మహబూబ్ ఎవరికో భూములు అవసరం లేదని మర్యాదగా, వివరంగా చెబుతున్నాడు. విశ్వేశ్వర్ ప్యాంటు తీసుకుని ఇంటికి వచ్చాడు. వేసుకు చూశాడు. అది సరిగ్గా నలభై రెండుకే కుట్టి ఉంది.

శనివారం వీణ ముందే వచ్చి కూర్చుంది. నెరిసిన జుట్టు, గొలుసుకు వేలాడే కళ్లజోడు, భుజాన టిఫిన్ డబ్బా సంచి. చాయ్ వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అడగడానికి ఏమీ కనిపించలేదు. ఉప్పు సంగతి తెలుసు, మోకాళ్ల సంగతి తెలుసు. కాపురం చేసి చేసి అలసిపోయిన జంటలాగా నిశ్శబ్దంగా ఉస్మానియా బిస్కెట్లు ముంచుకు తిన్నారు.

“మీకు బర్రెలు లేవంట గదా,” అంది వీణ చివరికి.

“లేవు.”

“అయినా దాణా యాపుల ఉన్నరంట.”

“ఉన్నాను.”

“ఈతది కూడ ఉన్నదంట. కడుపుతో ఉన్నోళ్లదీ ఉన్నదంట.” ఆమె నవ్వలేదు. “సురయ్యా గారు ఏమన్నదో చెప్పాల్నా? ఆ మనిషికి యాపులు అవసరం లేదు, గల్లీల ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే చాలు, గంతే అన్నది.”

విశ్వేశ్వర్ కప్పులోకి చూశాడు. బిస్కెట్టు విరిగి అడుగుకి దిగిపోయింది. ఇన్నాళ్లూ తన లోపల తను ఒక్కడే ఉన్నాడనుకున్నాడు. ఆ గదిలో సురయ్యా ఎప్పుడు కుర్చీ వేసుకు కూర్చుందో గమనించనేలేదు.

వీణ తన సంగతి చెప్పింది. ఒకసారి ఏదో యాప్‌లో నంబరు ఇస్తే ఎవడో పట్టుకుని నెలల తరబడి పిచ్చి కూతలు కూశాడు. రెండుసార్లు సిమ్ము మార్చింది. అందుకే ఇవ్వదు. సిద్ధాంతం కాదు, భయం. విశ్వేశ్వర్‌కి తన సిద్ధాంతం ఆ మాట పక్కన నిలబడటానికి సిగ్గుపడ్డట్టనిపించింది. తను ఎవరి భయంతో దాచాడు? నాలుగేళ్లలో ఒక్కడూ పిచ్చి కూతలు కూడా కూయలేదు.

“బేబీ రేపు జహీరాబాద్ పోతున్నది,” అంది వీణ. “చెల్లె కాన్పు. ఎన్ని రోజులైతదో తెల్వదు. ఇగ మన నడుమ మాట్లాడేటోళ్లు ఉండరు. నా నంబర్ నేను మొదలు చెప్ప. మీరు చెప్తే నేను చేస్త. చెప్పకుంటే ఏం ఫికర్ లేదు, చాయ్ మంచిగున్నది అనుకొని పోత.” సంచి భుజానికి సర్దుకుంది. “నా బస్ వచ్చే టైమైంది.”

విశ్వేశ్వర్ నోరు తెరిచాడు. ఇచ్చేద్దామనే నిశ్చయించుకున్నాడు. సిద్ధాంతం అడ్డురాలేదు, అది చాయ్‌లో బిస్కెట్టులా ఎప్పుడో నానిపోయింది. నోట్లోంచి అంకెలు ధారగా వచ్చాయి.

“అది సురయ్యా గారిది,” అంది వీణ. “నాకు కంఠతా వచ్చు.”

మళ్లీ ప్రయత్నించాడు. తొమ్మిది. తర్వాత? నాలుగా, ఎనిమిదా? తొమ్మిది దగ్గర చీకటిగా ఉంది. అప్పుడర్థమైంది. ఆయనకి తన నంబరు తెలియదు. గ్యాసు ఆఫీసులో, బ్యాంకులో, ఆసుపత్రిలో ఎవరడిగినా చెప్పింది కౌసల్య. తను నోరు తెరిచేలోపే పక్కనుంచి పాటలా అప్పజెప్పేది, చివరి రెండంకెలూ కాస్త సాగదీసి. ఆ సాగదీత గుర్తుంది. అంకెలు గుర్తులేవు. ఆమె పోయాక అడిగినవాళ్లకు చెప్పలేదు, చెప్పకపోతే అడిగేవాళ్లు పోయారు. లోకం నుంచి ఇంత భద్రంగా దాచింది చివరికి తనకే దొరకడం లేదు.

ఫోను తీసి లోపల వెతికాడు. ‘ఈ ఫోను గురించి’ అన్న చోట నంబరు అని ఉంది. దాని ఎదురుగా ‘తెలియదు’ అని ఉంది.

“నాకూ తెలియదు,” అన్నాడు.

వీణ ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పేవాళ్లను కౌంటరులో రోజూ చూసే మనిషి. ఇది అబద్ధం కాదని గ్రహించినట్టుంది. లేవబోయినదల్లా కూర్చుంది. “ఎవలకన్న మిస్డ్ కాల్ ఇయ్యిండ్రి. వాళ్ల ఫోన్ల పడ్తది.”

ఎవరికివ్వాలి? లోకంలో ఆయనకి కంఠతా వచ్చిన నంబరు ఒకటే. చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మహబూబ్ బజారుకి పోయే వేళ, ఫోను సురయ్యా దగ్గరుంటుంది, ఆమె ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతుంది? నాలుగేళ్లలో ఒక్కసారైనా ఆయన ఆ ఫోనుకి చెయ్యలేదు, బాల్కనీలోంచి చెయ్యి ఊపాడంతే. తెలియని నంబరు. తెలియని నంబరు ఎత్తబోనని ఆమె చెయ్యెత్తి ప్రమాణం చేసింది. చేయించింది ఆయనే.

వీణ పెదవి చివర ఏదో కదిలింది. ఆమె తన ఫోను తీసి బేబీకి చేసింది. బేబీ ఆ లైన్లోనే సురయ్యాని కూడా కలిపింది. బేబీ నంబరు తెలిసిందే కాబట్టి సురయ్యా ఎత్తింది. ఇప్పుడు వచ్చిన మిస్డ్ కాల్ దొంగది కాదని, సార్‌దని, అది పైకి చదవమని బేబీ చెప్పింది. సురయ్యాకి అంకెలు చదవడమంటే ఒకటే పద్ధతి. ఫోను పట్టుకుని దుకాణం గడప మీదికి వచ్చి, గల్లీ వైపు తిరిగి, గొంతెత్తింది. బాల్కనీలు విన్నాయి. మేడలు విన్నాయి. ఎల్లప్ప భార్య ఎల్లప్పను లేపి విను అంది. ఆ కేక సంతోష్‌నగర్‌లో బయల్దేరి, బేబీ పార్లర్ మీదుగా, మలక్‌పేట హోటల్లో వీణ చెవి దగ్గరికి చేరింది. బల్లకి ఇవతల కూర్చున్న విశ్వేశ్వర్‌కి కూడా స్పష్టంగా వినిపించింది. తొమ్మిది, తొమ్మిది తర్వాత నాలుగు. నాలుగు, అవును, నాలుగే. వీణ పాత బస్ టికెట్ మీద ఒక్కొక్కటే రాసుకుంది. చివరి రెండంకెలు వచ్చినప్పుడు విశ్వేశ్వర్ పెదాలు వాటిని కాస్త సాగదీశాయి.

వీణ బేబీకి జాగ్రత్తగా వెళ్లి రమ్మని చెప్పి, టికెట్ చూస్తూ కొత్తగా అంకెలు కొట్టింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతలివాళ్లు ఎత్తుతారో లేదోనని ఎదురుచూసేవాళ్లలాగా కిటికీలోంచి వంతెన కేసి చూసింది.

చాయ్ కప్పుల మధ్య విశ్వేశ్వర్ ఫోను మోగింది. హోటల్లో నలుగురు జేబులు తడుముకున్నారు. తెర మీద ఎవరిదో పది అంకెలు. పేరు లేదు. కింద ఎర్ర గుర్తు, పచ్చ గుర్తు. ఎర్రదాని మీదికి పోవడం వేలికి పాత అలవాటు. అది గాలిలో ఆగింది.

విశ్వేశ్వర్ పచ్చ గుర్తును పక్కకి జరిపి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.